ఇంటి గదిలో రాక్ బ్యాండ్ రికార్డింగ్: దిగువ కృష్ణా డెల్టా ఇళ్ళకు తగిన పద్ధతి

స్టూడియో అద్దె కట్టకుండా, మనుషులు కాపురముండే గదుల్లోనే డ్రమ్స్, బాస్ గిటార్, ఎలక్ట్రిక్ గిటార్లు, గొంతు రికార్డు చేసి, కంప్యూటర్లో మిక్స్ చేసి, నలుగురూ వినదగ్గ పాటగా తయారుచేయడాన్ని ఇంటి రికార్డింగ్ అంటారు. ఈ పని గురించి వినిపించే సలహాల్లో చాలా భాగం ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అన్న ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఫలితాన్ని నిర్ణయించేది ముందుగా వాయించేవాళ్ళ మధ్య కుదిరిన సమతూకం, ఆ తరవాత గది, ఆపైన మైకు పెట్టిన చోటు. సామాను వీటన్నిటి తరవాతే వస్తుంది. ఉయ్యూరుకూ పామర్రుకూ మధ్యనున్న పామిడిముక్కల మండలం లాంటి చోట ఈ వరస మరీ ముఖ్యం. ఇక్కడి పల్లెల్లో డ్రమ్స్, గిటారు, కీబోర్డు ఒకే చోట చేరేది ఎక్కువగా చర్చిల్లోనూ, పెళ్ళిళ్ళకూ ఉత్సవాలకూ వచ్చే ఆర్కెస్ట్రాల్లోనూ. వాయించగల కుర్రాళ్ళు ఉన్నారు. బ్యాండు మొత్తాన్ని ఒకేసారి పట్టగల స్టూడియో కావాలంటే మాత్రం సాధారణంగా విజయవాడకో హైదరాబాదుకో వెళ్ళాలి. సామాన్లు, దారి ఖర్చులు, గంటల లెక్కన అద్దె కలిపితే, ఒక పాటకయ్యే డబ్బుతో ఇంట్లో ఏళ్ళ తరబడి పనికొచ్చే ఏర్పాటు చేసుకోవచ్చు.

తక్కువ సామానుతో మంచి రాక్ రికార్డు సాధ్యమేనా అన్న సందేహానికి చరిత్ర ఎప్పుడో జవాబు చెప్పింది. బీటిల్స్ తమ మొదటి ఆల్బమ్‌లోని పద్నాలుగు పాటల్లో పదింటిని 1963 ఫిబ్రవరి 11న, ఒక్క రోజులో, రెండే ట్రాకులున్న టేపు మీద రికార్డు చేశారు. బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ 1969 అక్టోబరులో దాదాపు ఒక్క రోజులో పూర్తయింది. అందరూ కలిసి వాయించారు. నిర్వాణ తొలి ఆల్బమ్ 'బ్లీచ్' 1989లో వచ్చింది, దాని రికార్డింగ్ ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. 1979లో టాస్కామ్ కంపెనీ క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు పట్టే 'పోర్టాస్టూడియో 144' యంత్రాన్ని తెచ్చింది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ దాని మీద, న్యూజెర్సీలోని తన ఇంట్లో, రెండు మామూలు డైనమిక్ మైకులతో పాడుకున్న పాటలే 1982లో 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా వచ్చాయి. అదే పాటల్ని బ్యాండుతో స్టూడియోలో మళ్ళీ రికార్డు చేసి చూశారు. చివరికి ఇంట్లో పట్టిన క్యాసెట్టునే విడుదల చేయాలని నిర్ణయించుకున్నారు. మన దగ్గరికి వస్తే, చెన్నైలో రాక్ బ్యాండ్లలో కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రెహమాన్ 1989లో తన ఇంటి ఆవరణలోనే పంచతన్ రికార్డ్ ఇన్ స్టూడియో కట్టుకున్నారు. మూడేళ్ళకు 'రోజా' వచ్చింది. ఢిల్లీకి చెందిన స్కైహార్బర్ అన్న మెటల్ బ్యాండు గిటారిస్టు కేశవ్ ధర్ ఇంటి గదిలో చేసుకున్న రికార్డింగుల నుంచే పుట్టింది. వాళ్ళ మొదటి ఆల్బమ్ 2012 నాటిది.

ఈ ఉదాహరణలకు ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. బీటిల్స్ వెనక లండన్‌లోని ఇఎంఐ స్టూడియో గది ఉంది, తలపండిన ఇంజినీర్లు ఉన్నారు. నిర్వాణ కూడా తక్కువ డబ్బుతోనే అయినా స్టూడియోలోనే రికార్డు చేసింది. స్ప్రింగ్‌స్టీన్ ఒక్కడే గిటారు పట్టుకుని పాడాడు, అక్కడ డ్రమ్స్ లేవు. కాబట్టి ఈ ఉదాహరణలు ఇల్లు స్టూడియోతో సమానమని రుజువు చేయవు. ట్రాకుల సంఖ్య, పరికరాల ధర మంచి రికార్డుకు అడ్డు కాలేదన్నంత వరకు రుజువు చేస్తాయి. ఇవాళ ఒక మామూలు ల్యాప్‌టాప్‌లో 1963 నాటి స్టూడియోలో ఊహించలేనన్ని ట్రాకులు పడతాయి. అప్పటివాళ్ళకు ఉండి ఇప్పటి ఇంటి గదిలో లేనివి రెండు: మంచి గది, వాయించేటప్పుడే కుదిరిన సమతూకం. మొదటిదాన్ని కొంతవరకు సరిదిద్దుకోవచ్చు. రెండోది పైసా ఖర్చు లేనిది.

ఆ రెండోదానికి ఈ ప్రాంతం పాఠశాల వంటిది. పామిడిముక్కలకు పక్కనే ఉన్న కూచిపూడి మేళంలో నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు, గాత్రం ఎవరెంత దూరంలో కూర్చోవాలో, ఎవరెప్పుడు తగ్గాలో వాళ్ళే తేల్చుకుంటారు. బుర్రకథలో పక్కవాద్యం కథకుడి మాట మీద పడకుండా చేతులే చూసుకుంటాయి. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణిలో తొలి దశాబ్దాల కార్యక్రమాలు కొద్దిపాటి మైకుల ముందే జరిగేవి. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీత దర్శకుడిగా పనిచేసిన 1950ల నాటి సినిమా పాటల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి పాడి వాయించేవాళ్ళు. ఎవరైనా తప్పితే పాట మొదటికి వచ్చేది. అందుకే రిహార్సల్ మీద అంత కాలం పెట్టేవాళ్ళు. మిక్సింగ్ అనే పని మైకు దాకా రాకముందే సగం అయిపోయేది. ఇంటి రికార్డింగుకు రాక్ బ్యాండు ముందుగా నేర్చుకోవలసింది ఇదే. డ్రమ్మరు సింబల్స్ మీద చేయి కాస్త తేలిక చేసి, స్నేర్ మీద గట్టిగా కొట్టడం ఏ ప్లగ్‌ఇన్ ఇవ్వలేని మెరుగు. గిటారు యాంపు విషయమూ ఇంతే. 50 వాట్ల యాంపుకూ 5 వాట్ల యాంపుకూ తేడా పది డెసిబెల్సే. చెవికి శబ్దం సగమైనట్టు ఉంటుంది తప్ప మాయమైపోదు. ఇంటికి 5 వాట్లు బాగా సరిపోతాయి, ధర కూడా తక్కువ.

ఇక గది. ఎక్కువ రికార్డింగులు పాడయ్యేది ఇక్కడే. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే, 56 హెర్ట్జ్ దగ్గరి తరంగం సరిగ్గా సగం పొడవుతో ఆ దూరంలో ఇమిడి, గోడల మధ్యే తిరుగుతూ ఉబ్బిపోతుంది. బాస్ గిటారులో 'ఎ' (A) తీగను ఖాళీగా మీటితే పుట్టే స్వరం 55 హెర్ట్జ్. కాబట్టి పదడుగుల గదిలో ఆ తీగ ఒక్కటీ గుమ్మని మోగుతుంది. దాని పైనున్న లావు తీగ, 41 హెర్ట్జ్‌ది, బక్కచిక్కినట్టు వినిపిస్తుంది. బాస్ వాయించేవాడు సరిగా వాయించడం లేదని బ్యాండులో గొడవ మొదలవుతుంది, తప్పు గదిది. ఇప్పుడు డెల్టా పల్లెల్లో కడుతున్న డాబాల్లో పది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు, పది అడుగుల స్లాబు ఎత్తు ఉన్న గదులు మామూలే. మూడు కొలతలూ ఒకటే కావడంతో ఆ ఒక్క స్వరం మరింత బలంతో మోగుతుంది. పైగా నున్నటి సిమెంటు గోడలు, టైల్స్ నేల. చప్పట్లు కొడితే గోడల మధ్య టకటకమని తిరుగుతూ వినిపిస్తుంది. ఇల్లు ఎంత కొత్తదైతే రికార్డింగుకు అంత ఇబ్బంది అన్నది ఇక్కడి వాస్తవం.

దీనికి భిన్నంగా పాత పెంకుటిళ్ళు రికార్డింగుకు ఎంతో నయం. కప్పు వాలుగా ఉండటం వల్ల నేలకు సమాంతరం కాదు, దూలాలూ వాసాలూ శబ్దాన్ని పలు దిక్కులకు చెదరగొడతాయి, మట్టిగోడలు సిమెంటు కంటే గరుకుగా ఉంటాయి. మండువా ఇంట్లో మధ్యభాగం ఆకాశానికి తెరిచి ఉంటుంది కాబట్టి అడుగు స్వరాలు అక్కడినుంచి బయటికి పోతాయి. తెరిచిన ద్వారం కంటే మంచి శబ్దశోషకం లేదు. అలాంటి ఇల్లు బంధువుల్లో ఎవరికైనా ఉంటే, పాడుపడిపోయిందని అనుకోకుండా, డ్రమ్స్ రికార్డింగు అక్కడ పెట్టుకోవాలి. లోపలి శబ్దం బయటికి పోయినట్టే బయటి శబ్దం లోపలికి వస్తుందన్నది దానిలో లోటు. వరికోత యంత్రాలు, చెరుకు ట్రాక్టర్లు, గుడి మైకు, వానాకాలం రాత్రుల్లో కప్పలు, ఇవన్నీ మైకుకు వినిపిస్తాయి. డ్రమ్స్ అంత గట్టిగా మోగేటప్పుడు ఇవి పెద్దగా తెలియవు. గొంతు, అకూస్టిక్ గిటారు మాత్రం నిశ్శబ్దంగా ఉండే వేళ చూసి, చిన్న గదిలో పెట్టుకోవాలి.

డాబా గది తప్ప వేరే దారి లేనివాళ్ళు ఏం చేయాలి? గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాటివల్ల ప్రయోజనం దాదాపు సున్నా. శబ్దాన్ని పీల్చుకునేది మందం. గోడకు ఆనించిన పదార్థం, తరంగం పొడవులో నాలుగోవంతు మందం ఉంటే గట్టిగా పనిచేస్తుంది. పది సెంటీమీటర్ల దూదిపరుపు సుమారు 850 హెర్ట్జ్ నుంచి పైకి బాగా పీలుస్తుంది. అదే పరుపును గోడకు పది సెంటీమీటర్లు ఎడంగా నిలబెడితే దాని పని సుమారు 430 హెర్ట్జ్ దాకా దిగుతుంది. ఒక్క పైసా ఖర్చు లేకుండా దాని శక్తి రెట్టింపయినట్టే. పలచని దుప్పట్లు, తెరలు పై స్వరాల్ని మాత్రమే తిని గదిని మరింత గుమ్మనేలా చేస్తాయి, కాబట్టి అవి వద్దు. పత్తితో కుట్టిన పాత బొంతలు మూడు నాలుగు పేర్చడం, గోనెసంచుల్లో పాత బట్టలు కుక్కి మూలల్లో కప్పుదాకా పేర్చడం మంచి పద్ధతులు. వరిగడ్డి మోపులు కూడా శబ్దాన్ని బాగా పీలుస్తాయి, ఈ నేలమీద వాటికి కొదవ లేదు. అయితే కరెంటు తీగలు, వేడెక్కే యాంపులు ఉన్న మూసిన గదిలో ఎండుగడ్డి నిప్పుకు ఆహ్వానం. అది వసారాలోనో బయటనో పనికొస్తుంది గాని గదిలోపల పెట్టకూడదు. 56 హెర్ట్జ్‌ను ఈ పద్ధతిలో పీల్చాలంటే ఐదడుగుల మందం కావాలి. ఏ ఇంట్లోనూ కుదరదు. దానికి పక్కగది తలుపు తెరిచి ఉంచడం, డ్రమ్స్‌నూ యాంపునూ గది మూలల్లో పెట్టకపోవడం, పొడవు వెడల్పులు సమానం కాని గదిని ఎంచుకోవడం మాత్రమే మందు.

కరెంటు సంగతి చిన్నదే గాని నిర్లక్ష్యం చేస్తే మొత్తం పాడవుతుంది. సరైన ఎర్తింగు లేని ఇంట్లో గిటారు యాంపులో 50 హెర్ట్జ్ హమ్ము తప్పదు. చవక ఇన్వర్టరు చదరపు తరంగంలాంటి కరెంటు ఇస్తే అది గరగరగా వినిపిస్తుంది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడం, యాంపుకూ, మైకుల్ని కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేసుకూ ఒకే ప్లగ్గు బోర్డు నుంచి కరెంటు తీసుకోవడం, రికార్డు చేసేంతసేపు ఫ్రిజ్జు, సీలింగ్ ఫ్యాను ఆపేయడం చాలు. ఫ్యాను లేని వేసవి మధ్యాహ్నం ఈ డెల్టా ఉక్కలో ఎవరూ వాయించలేరు, తీగల శ్రుతి కూడా నిలవదు. అందుకే ఇక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న రోజులే రికార్డింగు కాలం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దకాలుష్య నిబంధనల ఆంక్షలు ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచి, తెల్లవారుజామునే పొలానికి పోయే పొరుగువాళ్ళను నిద్ర లేకుండా చేసే హక్కు ఏ బ్యాండుకూ లేదు. డ్రమ్స్ పని పగటిపూట పెట్టుకుని ముందుగా చుట్టుపక్కలవాళ్ళకు చెప్పాలి.

సామాను విషయం త్వరగానే తేలిపోతుంది. నాలుగు మైకులు పెట్టుకోగల ఇంటర్‌ఫేసు ఒకటి, 57 రకం డైనమిక్ మైకులు రెండు, చవకరకం కండెన్సర్ మైకులు రెండు, స్టాండ్లు, కేబుళ్ళు, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, హెడ్‌ఫోన్లు పంచే చిన్న పెట్టె. షూర్ కంపెనీ 57 నమూనా 1965 నుంచి వస్తోంది, ఇప్పటికీ స్నేర్ ముందూ గిటారు యాంపు ముందూ అదే కనిపిస్తుంది. పాతది కొన్నా నష్టం లేదు, ఎందుకంటే అది చెడిపోవడం అరుదు. సాఫ్ట్‌వేర్లలో రీపర్ 60 డాలర్ల లైసెన్సుకు వస్తుంది, ఆర్డర్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. ఏది వాడినా ధ్వనిలో తేడా ఉండదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లకు పెట్టుకుని, అత్యంత గట్టి దెబ్బ కూడా మైనస్ పది డెసిబెల్స్ దగ్గరే ఆగేట్టు గెయిన్ తగ్గించుకుంటే చాలు. టేపు కాలంలో లెవెల్ ఎర్రగీత దాకా ఎక్కించడం అవసరం. డిజిటల్‌లో అది నష్టం, పగిలిన శబ్దాన్ని తరవాత అతికించడం కుదరదు.

నాలుగు మైకుల దారి ఉన్నప్పుడు ముందు డ్రమ్స్, బాస్ కలిసి రికార్డు కావాలి. మూడు మైకులు డ్రమ్స్‌కు: కిక్ ముందు ఒకటి, స్నేర్ మీద ఎత్తున ఒకటి, ఫ్లోర్ టామ్ పక్క నుంచి ఒకటి. పై రెండూ స్నేర్ నడిమి నుంచి సమాన దూరంలో ఉండాలి. తాడుతో కొలిస్తే సరిపోతుంది. ఇది ఇంగ్లండు ఇంజినీరు గ్లిన్ జాన్స్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతికి సరళమైన రూపం. సమానదూరం ఎందుకంటే, 34 సెంటీమీటర్ల తేడా ఒక మిల్లీసెకను ఆలస్యం. ఒకే స్నేర్ దెబ్బ రెండు మైకుల్లో వేరువేరు క్షణాల్లో పడితే కలిపినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పై మైకును స్లాబుకు దగ్గరగా పెట్టడం ఇంకో సాధారణ పొరపాటు. కప్పుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, కప్పు నుంచి తిరిగొచ్చిన శబ్దం 60 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణించి, 286 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని చెరిపేస్తుంది. స్నేర్‌కు కండబలం ఉండేది అక్కడే. మైకును దించాలి, లేదా పైన పరుపు కట్టాలి. నాలుగో దారిలో బాస్‌ను యాంపు లేకుండా నేరుగా ఇంటర్‌ఫేసుకు కలపాలి. గిటారిస్టూ గాయకుడూ అదే గదిలో, నెమ్మదిగా, హెడ్‌ఫోన్లలో వింటూ దారి చూపుతారు. పాట నడక స్థిరపడ్డాక, మరో రోజు గిటార్లు, చివర గొంతు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. ఇప్పుడు ముందే రికార్డు చేసి ఉంచిన దెబ్బలతో కట్టే నమూనా డ్రమ్స్ ఉన్నాయి, యాంపును కంప్యూటర్లోనే పుట్టించే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతున్నాయి. గది, మైకులు, పొరుగువాళ్ళు అన్న గొడవే ఉండదు కదా? గిటార్ల విషయంలో ఈ మాట చాలావరకు నిజం. చెడ్డ గదిలో మంచి యాంపు కంటే నేరుగా పట్టిన గిటారుకు కంప్యూటర్ యాంపు తగిలించడమే మేలు, అలా చేయడంలో సిగ్గుపడవలసింది లేదు. డ్రమ్స్ విషయంలో మాత్రం ఒప్పుకోలేం. రాక్ బ్యాండులో పాటకు ఊపిరి డ్రమ్మరూ బాస్ వాయించేవాడూ ఒకరి చేతుల్ని ఒకరు చూసుకుంటూ వాయించడంలో ఉంటుంది. చరణంలో కాస్త వెనక్కి లాగడం, పల్లవికి కాస్త తోయడం మౌస్‌తో గీసిన డ్రమ్స్‌లో రావు. డ్రమ్మరే లేనప్పుడు నమూనాలు వాడటం వేరు. ఉన్న డ్రమ్మరును పక్కన కూర్చోబెట్టి వాడటం బ్యాండును రద్దు చేయడమే. మధ్యేమార్గం ఒకటుంది: డ్రమ్మరు వాయించినదాన్నే ఉంచి, కిక్ మరీ పేలవంగా వస్తే దాని అడుగున ఒక నమూనా కలపడం. కలిపి వాయిస్తే ఒకరి శబ్దం ఇంకొకరి మైకులో పడుతుంది, తప్పులు దిద్దుకోవడం కష్టం అన్నది మరో అభ్యంతరం. అది నిజమే. అందుకే గొంతూ గిటార్లూ తరవాతకు ఉంచాలి. మిగిలిన డ్రమ్స్, బాస్ తప్పులకు మందు ఇంకోసారి వాయించడమే. ఇంట్లో గంటల అద్దె లేదు, స్టూడియో మీద ఇంటికి ఉన్న ఒకే పెద్ద ఆధిక్యం అదే.

మిక్సింగుకు స్పీకర్లు కొనలేకపోతే హెడ్‌ఫోన్లతోనే చేయవచ్చు. చికిత్స లేని గదిలోని స్పీకర్ల కంటే అవే నమ్మదగినవి. శబ్దం తగ్గించి వినాలి. గట్టిగా వింటే అడుగు స్వరాలు ఎక్కువగా ఉన్నట్టు చెవి మోసపోతుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపారు. ముందు అన్ని ట్రాకుల్నీ మధ్యలోనే ఉంచి లెవెళ్ళు మాత్రమే సరిచేయాలి; అలా వినిపించే పాటను తరవాత ఏదీ చెడగొట్టలేదు. గొంతులో 100 హెర్ట్జ్ కిందది కోసేయాలి, గిటార్లలో 200 నుంచి 400 మధ్య పేరుకునే బురద కాస్త తగ్గించాలి. ఎడమకొక గిటారు, కుడికొక గిటారు కావాలంటే రెండుసార్లు విడివిడిగా వాయించాలి. ఒకదాన్నే కాపీ చేస్తే వెడల్పు రాదు. ఎకో విషయంలో మన మైకుసెట్ల అలవాటు ఒకటి ఉంది: గొంతు మీద తొట్టెలకొద్దీ పోయడం. రాక్ పాటలో అది మాటను మింగేస్తుంది. తెలుగు మాట వినబడని తెలుగు పాటతో ఎవరికీ పనిలేదు. మన శ్రోతల్లో అత్యధికులు ఫోను స్పీకరు మీద వింటారు, అందులో బాస్ అడుగు స్వరాలు అసలు మోగవు. బాస్‌కు చిన్నపాటి డిస్టార్షన్ కలిపి 400 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య దాని జాడ నిలబెడితే ఫోనులోనూ వినిపిస్తుంది. మిక్స్ అయ్యాక ఫోను, కారు, ఆటో మూడింటిలో విని చూడాలి. చివర్లో పాటను గోడకు కొట్టినట్టు గట్టిగా పెంచే పోటీకి ఇప్పుడు అర్థం లేదు. స్పాటిఫై, యూట్యూబ్ వంటివి పాటల్ని సుమారు మైనస్ 14 లఫ్స్ (వినిపించే గట్టిదనానికి కొలమానం) దగ్గరికి సర్దేస్తాయి, అంతకు మించి నొక్కిన పాటను తగ్గించి వినిపిస్తాయి. నొక్కుడు వల్ల పోయిన డ్రమ్ దెబ్బ మాత్రం తిరిగి రాదు.

హైదరాబాదులో చౌరస్తా, కాప్రిసియో వంటి బ్యాండ్లు తెలుగు పాటకు సినిమా బయట శ్రోతలున్నారని చూపించాయి. దిగువ డెల్టాలో చర్చి డ్రమ్మర్లు, ఆర్కెస్ట్రా గిటారిస్టులు సొంత పాట కట్టుకుంటే రికార్డు చేసుకోవడానికి నగరం దాకా పోనక్కరలేదు. పాట పూర్తయ్యాక ఒక్కో ట్రాకునూ విడి ఫైలుగా, తేదీ, వాయించినవాళ్ళ పేర్లు రాసి, రెండు వేరు వేరు చోట్ల దాచండి. పన్నెండు ట్రాకుల నాలుగు నిమిషాల పాటకు 415 మెగాబైట్లే అవుతాయి.